బండి మూడో గేర్లో ఇరుక్కుంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా? అపోహలు, వాస్తవాలు

"అన్నా, గేర్‌బాక్స్ పోయిందంటున్నరు. కొత్తది ఏసుడేనట." హన్మకొండ, కాజీపేట షెడ్లకు పదేళ్లు దాటిన ఆటోమేటిక్ బండి తెచ్చేవాళ్లు దిగులుగా చెప్పే మొదటి మాట ఇదే. ఆ తీర్పు చెప్పినాయన చాలాసార్లు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూసి ఉండడు, బండి కంప్యూటర్లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి ఉండడు.

అపోహ: ఒకే గేర్లో ఇరుక్కుంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

వాస్తవం: చాలామటుకు అది లింప్ మోడ్. ఏదైనా సిగ్నల్ తప్పుగా వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ సొలెనాయిడ్లకు, అంటే కరెంటుతో ఆయిల్ దారి మార్చి గేర్లు వేసే వాల్వులకు, కరెంటు ఆపేస్తుంది. ఆయిల్ ప్రెషర్ మీద ఒక్క ముందు గేరు, రివర్సు మాత్రం మిగులుతాయి. నాలుగు గేర్ల పాత బండ్లలో ఆ గేరు ఎక్కువగా మూడోది. అందుకే చౌరస్తాలో బండి ఈడ్చుకుంటూ కదులుతుంది. లోపలి సామాను కాలకుండా మిమ్మల్ని ఇల్లు చేర్చడానికి కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు అది.

పక్కకు ఆపి, తాళం తీసి, నిమిషం ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. గేర్లు బాగానే పడి, కొంత దూరం పోయాక మళ్లీ ఇరుక్కుంటే ముందుగా వైరింగు, సెన్సార్, సొలెనాయిడ్లను అనుమానించాలి. క్లచ్ ప్లేట్లు జారినా లింప్ మోడ్ రావచ్చు. కానీ అప్పుడు మళ్లీ స్టార్ట్ చేశాక కూడా యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు.

తర్వాత మల్టీమీటర్ పట్టండి. బ్యాటరీ దగ్గర ఇంజిన్ ఆపినప్పుడు సుమారు 12.5 వోల్టులు, నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 ఉండాలి. వోల్టేజి పడిపోతే గేర్‌బాక్స్ కంప్యూటర్ లేని తప్పులు చూపిస్తుంది. ఆ మీదటే స్కానర్. ఇంజిన్ ఒక్కటే చదివే చవక స్కానర్‌లో పీ0700 అనే కోడ్ కనబడి ఆగిపోతుంది. దాని అర్థం గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఇంకో కోడ్ ఉందని మాత్రమే. ఆ కోడ్ చదివే స్కానరే కావాలని అడగండి. పీ0715, పీ0720 స్పీడ్ సెన్సార్లవి, పీ0750 షిఫ్ట్ సొలెనాయిడ్‌ది. పీ0730 వస్తే గేర్ రేషియో కలవట్లేదని, అది కొంచెం బరువైన విషయం.

సెన్సార్ కోడ్ వచ్చిందని వెంటనే సెన్సార్ కొనకండి. గేర్‌బాక్స్ మీది కనెక్టర్ ఊడదీసి చూడండి. వానాకాలంలో హంటర్ రోడ్డు నీళ్లలోంచి వచ్చిన బండ్లలో పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. ఎలుకలు వైరు కొరకడమూ ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, బిగించి, కోడ్ తుడిచి నడిపి చూడండి.

ఇక ఆయిల్. బండి వేడెక్కాక, చదునైన చోట, ఇంజిన్ నడుస్తుండగా లివర్‌ను ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి, పీ (పార్క్)లో పెట్టి డిప్‌స్టిక్ చూడాలి. హోండాల్లో మాత్రం ఇంజిన్ ఆపిన నిమిషం, నిమిషంన్నరలోపే చూడాలి. తెల్లటి పేపర్ నాప్కిన్ మీద చుక్క వేయండి. ఎర్రగా ఉంటే మంచిది. నల్లగా మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, అక్కడితో బండి నడపడం ఆపేయండి. తక్కువైతే 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి మళ్లీ చూడండి. ఎక్కువైతే నురుగెక్కి ప్రెషర్ పడిపోతుంది.

అపోహ: పాత బండికి ఆయిల్ మారిస్తే ఉన్న గేర్లూ పోతాయి. వాస్తవం: అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు చివర్లో మార్చి, నిందను ఆయిల్ మీద వేస్తారు. కింది బోల్టు తీస్తే మూడో వంతు నుంచి సగం దాకానే దిగుతుంది, మిగతాది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో రెండు మూడుసార్లు మార్చండి. పాత బండికి ఆయిల్ మొత్తం ఒకేసారి తోసి మార్చే ఫ్లష్ మెషిన్ వద్దు.

అపోహ: ఎర్రటి ఆయిల్ ఏదైనా ఒకటే. కాదు. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిందే పోయండి. సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ వేరు.

అపోహ: న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టి లాగితే సరిపోతుంది. వాస్తవం: ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్ పంపు తిరగదు, లోపల ఆయిల్ అందక గేర్లు ఎండుతాయి. ములుగు దాకా అలా లాగితే బాగున్న గేర్‌బాక్స్ కూడా కాలుతుంది. చదును పలక ఉన్న ట్రక్కు పిలవండి, లేదంటే ముందు చక్రాలు తిప్పే బండైతే ఆ చక్రాలు పైకెత్తించి లాగించండి.