ఇంట్లో కట్టుకునే మైక్రోకంట్రోలర్ బోర్డు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నేను బోరు మోటార్లకు కంట్రోల్ బోర్డులు కడతాను. ట్యాంకు నిండగానే మోటారు ఆపడం, బోరులో నీళ్లు అడుగంటితే ఆపడం, బత్తాయి తోటలో వాల్వులను వంతుల వారీగా తెరవడం వీటి పని. అన్నిటిలోనూ వాడేది 28 కాళ్ల ఏట్‌మెగా 328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్పే, అంటే ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న కంప్యూటర్. 32 కిలోబైట్ల ప్రోగ్రాం మెమరీ, 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. తోట పనికి అది ధారాళంగా సరిపోతుంది. పాలిటెక్నిక్ పిల్లలు, పల్లెల్లోని మోటారు మెకానిక్‌లు ఇలాంటి బోర్డును సొంతంగా కట్టుకోవాలని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు విని వచ్చిన మాటల్లో కొన్ని అసలు పని మొదలుపెట్టనివ్వవు, కొన్ని మొదలుపెట్టాక ముంచుతాయి.

అపోహ: ఫ్యాక్టరీలో చేసిన పీసీబీ (భాగాలను కలిపే రాగి గీతలున్న పలక) ఉంటేనే నడుస్తుంది.

జీరో పీసీబీ (గీతలు లేకుండా వరుసగా రంధ్రాలున్న పలక) మీద చక్కగా నడుస్తుంది. చిప్పుకు సాకెట్, దాని వేగాన్ని నిర్ణయించే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి 22 పికోఫారడ్ల కెపాసిటర్లు రెండు, రీసెట్ కాలుకు 10 కిలో ఓముల రెసిస్టర్, 100 నానోఫారడ్ల కెపాసిటర్లు మూడు నాలుగు, వోల్టేజీని 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటర్ ఒకటి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. క్రిస్టల్‌ను మాత్రం 9, 10 కాళ్లకు ఆనుకునేంత దగ్గరగా పెట్టండి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో సొంతంగా రాగి కరిగించి పీసీబీ చేసుకోవాలనే ఉత్సాహం ఉంటే చేయండి. వాడిన ద్రావణాన్ని మాత్రం మోరీలోనో చేనులోనో పారబోయకండి, అందులో కరిగిన రాగి చేపలకూ మొక్కలకూ విషం.

అపోహ: ఆర్డ్యునో నమూనాను చూసి కట్టడం దొంగతనం.

ఆర్డ్యునో అంటే ఇలాంటి చిప్పుతో తయారై వచ్చే, నేర్చుకునేవాళ్లు వాడే బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో అది మొదలైనప్పుడే విద్యార్థులు తక్కువ ఖర్చులో నేర్చుకోవాలన్నది ఉద్దేశం. బోర్డు డిజైన్‌ను అందరికీ తెరిచి పెట్టారు. పేరు, గుర్తు మాత్రం వాళ్ల ట్రేడ్‌మార్కు. అమ్మేటప్పుడు మీ బోర్డుకు మీ పేరే పెట్టుకోండి.

అపోహ: 100 నానోఫారడ్ల కెపాసిటర్ లేకపోయినా బోర్డు నడుస్తుంది కదా, అది అలంకారమే.

బల్ల మీద నడుస్తుంది. అందుకే ఈ అపోహ చావదు. నేను కూడా మొదట్లో దాన్నే నమ్మాను. కనగల్ వైపు ఒక బత్తాయి తోటలో పెట్టిన బోర్డు మా ఇంట్లో వారం రోజులు తప్పు లేకుండా పని చేసింది. తోటలో బిగించిన రోజే పెద్దాయన ఫోన్ చేశారు: “తమ్మీ, మోటారు పట్టినట్టే పట్టి వదిలేస్తోంది.” వెళ్లి చూస్తే నిజమే. రిలే (బోర్డు మీది చిన్న విద్యుత్ స్విచ్) పడుతుంది, స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) టప్పున లాగుతుంది, ఆ క్షణమే బోర్డు రీసెట్ అయి రిలేను వదిలేస్తుంది. కొన్ని సెకన్లకు మళ్లీ అదే. అలా గంటసేపు కొట్టుకుంటే కాంటాక్టర్ పాయింట్లు కాలిపోతాయి, మోటారు వైండింగ్‌కూ ముప్పే. ఆయన పంట నా తప్పు మీద ఆధారపడి ఉందని ఆ రోజు బాగా అర్థమైంది.

చిప్పు కరెంటును ఒకే ధారగా తీసుకోదు. క్రిస్టల్ కొట్టే ప్రతి దెబ్బకూ గుక్కలు గుక్కలుగా లాగుతుంది. రెగ్యులేటర్ నుంచి వచ్చే తీగ ఎంత పొట్టిదైనా అంత వేగంగా అందించలేదు. ఊరి చివర ఎంత పెద్ద నీళ్ల ట్యాంకు ఉన్నా దాహం వేసినప్పుడు చేతికందేది ఇంట్లోని కుండే. చిప్పు కాళ్ల పక్కనున్న ఆ చిన్న కెపాసిటరే ఆ కుండ. పక్కన కాంటాక్టర్ పుట్టించే విద్యుత్ కుదుపు వచ్చినప్పుడు కుండ లేని చిప్పు తట్టుకోలేదు.

7, 8 కాళ్ల మధ్య ఒకటి, 20, 22 కాళ్ల మధ్య ఒకటి పెట్టాలి. “నేను అనలాగ్ కొలతలు వాడటం లేదు, వాటికి కరెంటిచ్చే 20వ కాలు వదిలేస్తాను” అంటారు కొందరు. వదలకూడదు, దానికీ 5 వోల్టులు ఇవ్వాల్సిందే. రెండు గ్రౌండ్ కాళ్లనూ (8, 22) కలపాలి. ఆ తోటలో ఇవి పెట్టి, రెగ్యులేటర్ దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చేర్చాను. కాంటాక్టర్ కాయిల్‌కు దాని వోల్టేజీకి తగిన స్నబ్బర్ (కుదుపును మింగే చిన్న సర్క్యూట్) కట్టించాను. ట్యాంకు దాకా సాగిన ఫ్లోట్ స్విచ్ తీగ ఏరియల్‌లా కుదుపులన్నీ పట్టుకుంటుంది కాబట్టి, అది చేరే కాలు దగ్గర ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టాను. బోర్డు నిలబడింది. కొందరు వాచ్‌డాగ్ టైమర్ పెట్టుకుంటే చాలంటారు. అది పడిపోయిన చిప్పును లేపుతుంది, పడకుండా ఆపదు.

అపోహ: 7805కు ఎన్ని వోల్టులు ఇచ్చినా 5 వోల్టులు వస్తాయి, ఇక చూసుకోనక్కర్లేదు.

మిగిలిన వోల్టులన్నీ వేడిగా మారతాయి. 12 వోల్టుల అడాప్టర్‌తో 150 మిల్లీఆంపియర్లు లాగితే 7805లో 1.05 వాట్లు ఆవిరవుతాయి. హీట్‌సింక్ లేకపోతే ఒక్కో వాట్‌కు లోపల సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో మన ఎండకు స్టార్టర్ పెట్టె లోపల 55 డిగ్రీలు ఉందనుకోండి, మొత్తం 120 దాటుతుంది. మామూలుగా పెట్టే హద్దు 125. మధ్యాహ్నం పూట మాత్రమే ఆగిపోతున్న బోర్డు ఎవరైనా తెస్తే నేను ముందు 7805ను ముట్టుకుని చూస్తాను.

దీనికి నాకు నచ్చిన ఉపాయం 12 వోల్టుల రిలే వాడటం. దాని కాయిల్‌కు కరెంటు నేరుగా అడాప్టర్ నుంచే వస్తుంది, రెగ్యులేటర్ మీద భారం ఉండదు.

అపోహ: చిన్న రిలేను చిప్పు కాలికే నేరుగా కట్టవచ్చు.

5 వోల్టుల చిన్న రిలే కాయిల్ సుమారు 70 మిల్లీఆంపియర్లు లాగుతుంది. చిప్పు కాలి గరిష్ఠ హద్దు 40. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి. ఇంకో మాట. జీరో పీసీబీలో రంధ్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే. రిలే పాయింట్ల వైపు మెయిన్స్ కరెంటును దాని మీద నడపకండి. ఆ తీగలు వేరే టెర్మినల్ మీద, వేరేగా ఉండాలి. త్రీఫేజ్ స్టార్టర్ మూత తెరిచే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

అపోహ: కొత్త చిప్పు పెట్టినా ప్రోగ్రాం ఎక్కడం లేదు, చెడిపోయిన సరుకు అంటగట్టారు.

చాలాసార్లు చిప్పు మంచిదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అది లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, బూట్‌లోడర్ (మన ప్రోగ్రాంను ఎక్కించుకోవడానికి సాయపడే చిన్న ప్రోగ్రాం) ఉండదు. ఉన్న ఆర్డ్యునో ఊనో బోర్డునే ప్రోగ్రామర్‌గా (ప్రోగ్రాం ఎక్కించే పరికరంగా) మార్చి, దాని 10, 11, 12, 13 పిన్నుల నుంచి తీగలు లాగి బూట్‌లోడర్ ఎక్కించండి. 328కి, 328పీకి గుర్తింపు సంఖ్యలు వేరు. పేరులోని చివరి అక్షరం చూడకుండా తెచ్చుకుంటే ప్రోగ్రామర్ నిరాకరిస్తుంది. చిప్పు లోపలి సెట్టింగులైన ఫ్యూజ్ బిట్లను బయటి క్రిస్టల్‌కు మార్చి క్రిస్టల్ పెట్టకపోయినా చిప్పు చచ్చినట్టే కనిపిస్తుంది. క్రిస్టల్ పెడితే లేచి కూర్చుంటుంది. పాలమూరు నుంచి ఒక కుర్రాడు ‘కాలిపోయాయి’ అని తెచ్చిన నాలుగు చిప్పుల్లో మూడు అలాగే లేచాయి.

అపోహ: సొంతంగా కడితే ఎప్పుడూ చవకే.

ఒక్కటే కావాలంటే కాదు. చిల్లరగా కొన్న ఒక్క చిప్పు ధరకు ఒక్కోసారి నకలు ఆర్డ్యునో నానో బోర్డే వస్తుంది. నేర్చుకోవడానికి ఒకటి కొనండి. పది తోటలకు పది పెట్టాలంటే మాత్రం సొంతవే కట్టండి. ప్రతి బోర్డుకూ యూఎస్‌బీ చిప్పు అక్కర్లేదు, ఒక్క ప్రోగ్రామరే అన్నిటికీ సరిపోతుంది. పైగా చెడితే సాకెట్‌లో చిప్పు మార్చి పది నిమిషాల్లో మోటారు నడిపించవచ్చు.

టంకం పెట్టడం అయిపోగానే చిప్పు గుచ్చకండి. ఖాళీ సాకెట్‌కు కరెంటు ఇచ్చి, మీటరుతో 7కూ 8కీ మధ్య, 20కీ 22కూ మధ్య కొలవండి. రెండు చోట్లా 5 వోల్టులు వచ్చాక, కరెంటు తీసేసి, అప్పుడు గుచ్చండి.