అరటికాయ నలుపు, ఫొటో నలుపు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టింది. మర్నాడు తెల్లారగానే మా నాన్న కెమెరా మెడలో వేసుకుని సైకిలు మీద బయల్దేరారు. అమలాపురంలో ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. ఆ వారంలో తీసిన నెగెటివ్‌లు ఇప్పటికీ మా ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నాయి. తలలు తెగిపోయిన కొబ్బరిచెట్లు, కప్పులు లేచిపోయిన ఇళ్లు, కాలవగట్టు మీద వరసగా కూర్చున్న మనుషులు. వాటిని స్కాన్ చేయించాను. అయినా తృప్తి లేదు. ఆయన ఎలా తీసేవారో అలాగే, ఎర్రలైటు కింద, వెండి లవణాలు పూసిన పేపరు మీద ప్రింట్ తీయాలని నా కోరిక.

నెగెటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి పేపరు మీద వేసే ఎన్‌లార్జర్ ఉంది. పేపరు తెప్పించుకున్నాను. వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించి బొమ్మను నిలబెట్టే హైపోకి మా ప్రాంతంలో కరువు లేదు. రొయ్యల హేచరీల్లో నీళ్లలోని క్లోరిన్ పోగొట్టడానికి వాడేది ఆ సోడియం థయోసల్ఫేటే కాబట్టి ఆక్వా మందుల షాపులో అడిగితే ఇస్తారు. చిక్కంతా పేపరు మీద బొమ్మను బయటికి తెచ్చే మందు, డెవలపర్ దగ్గర వచ్చింది.

నాన్న కాలంలో ఆ బెంగ లేదు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' సరుకు ఉండేది, కొడాక్ వాళ్ల డెక్టాల్ పొడి ఉండేది. ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. బ్లాక్ అండ్ వైట్ పేపరు తయారీ మానేస్తున్నట్టు కొడాక్ 2005లో ప్రకటించింది. ఎన్నో బ్రాండ్లకు ఫొటో కెమికల్స్ తయారుచేసి ఇచ్చే జర్మనీ కంపెనీ టెటెనాల్ 2018లో దివాలా అంచుకు వెళ్లింది. డెక్టాల్ లాంటి పని చేసే బ్రోమోఫెన్‌ను బ్రిటన్ కంపెనీ ఇల్‌ఫర్డ్ ఇప్పటికీ అమ్ముతోంది, దొరికినవాళ్లు అదే వాడుకోవచ్చు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన వేరే ప్యాకెట్టు విప్పితే, తెల్లగా ఉండాల్సిన పొడి బెల్లం రంగులో ఉంది. కలిపి చూస్తే పేపరు మీద బూడిదరంగే తప్ప నలుపు పలకలేదు.

ఇంకో ప్యాకెట్టు కోసం వెతకడం అక్కడితో మానేశాను. అసలు అందులో ఏముంటుంది, ఏది ఏ పని చేస్తుంది అని చూడటం మొదలుపెట్టాను.

పేపరు మీద వెలుగు పడ్డచోట వెండి లవణపు స్ఫటికాల్లో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. అంత చిన్న మచ్చ కంటికి ఆనదు. ఆ మచ్చ ఉన్న స్ఫటికానికి ఎలక్ట్రాన్లు అందించి, స్ఫటికం మొత్తాన్ని వెండిగా మార్చడమే డెవలపర్ పని. మచ్చ లేని స్ఫటికం జోలికి అది పోకూడదు. ఫొటోలో మనం చూసే నలుపు సన్నటి వెండి రజనే.

డెక్టాల్‌కు దగ్గరి చుట్టం డి-72 అనే ఫార్ములా. కొడాక్ దాన్ని ఎప్పుడో బయటపెట్టింది. లీటరు నీళ్లకు మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, నీరు లేని సోడియం కార్బొనేట్ 68, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు. వాడేటప్పుడు ఒక పాలు మందుకి రెండు పాళ్లు నీళ్లు. ఎలక్ట్రాన్లు ఇచ్చేవి మెటాల్, హైడ్రోక్వినోన్. కార్బొనేట్ క్షారం, అది లేకపోతే ఆ రెండూ కదలవు. బ్రోమైడ్ కళ్లెం, తెల్లగా ఉండాల్సిన చోట మసక రాకుండా ఆపుతుంది. మరి సల్ఫైట్ ఎందుకు, అదీ అంత ఎక్కువ?

దీనికి జవాబు మా వంటింట్లోనే దొరికింది. కూరకి అరటికాయ తరిగితే అమ్మ ముక్కల్ని వెంటనే మజ్జిగ నీళ్లలో వేసేది. ఆలస్యమైతే నల్లబడతాయి. ముక్కలోని ఫినాల్ పదార్థాలకు గాలి తగిలి, ఎంజైము సాయంతో అవి క్వినోన్లుగా మారతాయి. క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుంటూ నల్లటి పదార్థం అవుతాయి. చెరువులో పట్టిన రొయ్యకు తల దగ్గర నల్లమచ్చలు వచ్చేదీ ఇలాగే. అందుకే పట్టిన రొయ్యల్ని మెటాబైసల్ఫైట్ కలిపిన చల్లటి నీళ్లలో ముంచుతారు. పచ్చి రొయ్య కండలో దాని అవశేషం కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఉంది.

హైడ్రోక్వినోన్ కూడా ఫినాల్ జాతిదే. వెండికి ఎలక్ట్రాన్లు ఇచ్చాక అది క్వినోన్ అవుతుంది, ఉత్త గాలి తగిలినా అవుతుంది. సల్ఫైట్ ఆ క్వినోన్‌ను అక్కడికక్కడే పట్టుకుని రంగులేని పదార్థంగా మారుస్తుంది. సల్ఫైట్ తక్కువైతే ట్రేలో మందు కాసేపటికే టీ డికాషన్‌లా అవుతుంది, పేపరుకి మరక పడుతుంది. నాకొచ్చిన ప్యాకెట్టుకీ గాలో తేమో తగిలి ఉంటుంది. ఇది అర్థమైన రోజు నాకు పండగే. రొయ్యల షెడ్డులో బస్తాలకొద్దీ ఉన్న మెటాబైసల్ఫైట్ పొడి, నాన్న డార్క్ రూంలో సీసాలో ఉన్న సల్ఫైట్ పొడి బంధువులు.

బంధువులే గానీ ఒకటి కాదు. మెటాబైసల్ఫైట్ ఆమ్ల స్వభావం కలది, సోడాతో, అంటే సోడియం కార్బొనేట్‌తో కలిపితే సల్ఫైట్ అవుతుంది. అణుభారాలు పట్టి లెక్క వేస్తే, 45 గ్రాముల సల్ఫైట్ కావాలంటే 34 గ్రాముల మెటాబైసల్ఫైట్‌కి 19 గ్రాముల నీరులేని సోడా సరిపోతుంది. వేడినీళ్లలో సోడా కరిగించి, మెటాబైసల్ఫైట్‌ను కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. నురగ పొంగుతుంది. ఆ ఘాటు ముక్కుకి పట్టేస్తుంది కాబట్టి కిటికీలు తీసి ఉంచాలి, ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

సోడా అంటే బట్టల సోడాయే. కానీ స్ఫటికాల్లా మెరిసే సోడాలో బరువుకి 63 శాతం నీళ్లే. ఆ సంగతి తెలియక తూకం వేస్తే మందు చచ్చుపడిపోతుంది. నేను స్టీలు గిన్నెలో సన్నసెగ మీద వేయించాను. ముందు తన నీళ్లలో తనే కరిగి గంజిలా అయింది, తర్వాత గడ్డకట్టింది, చివరికి ముగ్గుపిండిలా పొడిపొడిగా రాలింది. 100 గ్రాములకు 37 మిగలాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు, సోడా దాన్ని తినేస్తుంది. ఏ గిన్నె వాడినా మళ్లీ వంటకి ముట్టుకోకూడదు.

ఇక మెటాల్, హైడ్రోక్వినోన్ జోడీ. విడివిడిగా చేసే పని కూడితే వచ్చేదానికన్నా, కలిసి చేసే పని చాలా ఎక్కువ. వరి నాటేటప్పుడు ముందు వరసలో నాటేవాళ్ల చేతిలో నారు అయిపోకుండా వెనకనుంచి కట్టలు విసిరే మనిషి ఉంటాడు చూడండి, హైడ్రోక్వినోన్ అలాంటిది. స్ఫటికం దగ్గర చురుగ్గా ఎలక్ట్రాన్లు ఇచ్చేది మెటాల్, ఇచ్చి ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపేది హైడ్రోక్వినోన్.

మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్లు పగులుతాయి. ఇల్‌ఫర్డ్ పరిశోధకుడు కెండాల్ 1940లో గుర్తించిన ఫెనిడోన్ దాని బదులు పదోవంతు చాలు. హైడ్రోక్వినోన్ చేపలకు విషం. చుట్టూ కాలవలు, చెరువులు ఉన్న ఊళ్లో దాన్ని పారబోయడం నాకు ఇష్టం లేదు. దాని స్థానంలో కట్టలు విసరడానికి విటమిన్ సి వస్తుంది. 12 గ్రాముల హైడ్రోక్వినోన్‌లో ఎన్ని అణువులుంటాయో 19 గ్రాముల విటమిన్ సిలో అన్నే ఉంటాయి. అయితే అది ఆమ్లం, కొంత సోడాను మింగేస్తుంది. అందుకని 68 గ్రాముల సోడాను 80 చేశాను. విటమిన్ సి పొడిగానే కొనాలి. చప్పరించే మాత్రల్లో చక్కెర, రంగు ఉంటాయి. ఫెనిడోన్, బ్రోమైడ్ మాత్రం కాలేజీ ల్యాబులకు సరఫరా చేసే షాపునుంచి తెప్పించాను. లీటరుకి 0.3 గ్రాములు కాబట్టి పది గ్రాముల ఫెనిడోన్ సీసా 33 లీటర్లకు వస్తుంది.

కాఫీతోనూ ఫొటో కడగొచ్చు. అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1995లో ఇన్‌స్టంట్ కాఫీ, బట్టల సోడా కలిపి చేసి చూపించారు. నేనూ ప్రయత్నించాను. బొమ్మ వచ్చింది గానీ పేపరంతా గోధుమరంగు పట్టింది. తుపాను ఫొటోలకు ఆ రంగు నాకు నచ్చలేదు.

విటమిన్ సికి ఒక బలహీనత ఉంది. నీళ్లలో ఇనుము ఉంటే గాలితో కలిసి అది త్వరగా పాడైపోతుంది, పైకి రంగేమీ మారదు. డికాషన్ రంగు చూసి పారబోసే అలవాటున్నవాళ్లు ఇక్కడ మోసపోతారు. మా బోరునీళ్లు పట్టిన బకెట్టుకి తుప్పురంగు చార కడుతుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొన్నాను. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లు వరదల్లో ఎర్రగా ఉన్నప్పుడు పటిక వేసి తేరుస్తారు, ఆ తేట నీళ్లను కూడా డెవలపర్‌కి వాడను. పటిక సోడాతో కలిస్తే తెల్లటి మడ్డి దిగుతుంది.

ఎండ ఇంకో సమస్య. పుస్తకాల్లో ఉండేది 20 డిగ్రీల లెక్క. మే నెలలో మా గదిలో ట్రే 31 డిగ్రీలు చూపించింది. ఐస్ గడ్డలు కవరులో కట్టి చుట్టూ పెట్టినా గంటలో మళ్లీ మామూలే. ఇక్కడ ఇంగ్లండు ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్స్ చెప్పిన పాత ఉపాయం బాగా పనిచేసింది. గడియారం చూసి కాక, బొమ్మ మొదట తొంగిచూసిన క్షణాన్ని పట్టుకోవాలి. చల్లటి రోజున 10 సెకన్లకు కనిపించి 90 సెకన్లకు నిండుగా వచ్చింది, అంటే తొమ్మిది రెట్లు. ఎండరోజున 6 సెకన్లకే కనిపిస్తే 54 దగ్గర తీసేస్తాను. బ్రోమైడ్ కూడా ఒక చిటికెడు పెంచాను.

మొదటి మూడు ప్రింట్లు చెడాయి. నాలుగోది ఒక కొబ్బరితోట నెగెటివ్. పేపరు ట్రేలోకి జార్చి లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర ముందు మొండేలు వచ్చాయి, సన్నటి గీతల్లా. తర్వాత నేలమీద పడ్డ మట్టలు. నలభై దాటాక కింద మూలలో నల్లగా ఒక ఆకారం చిక్కబడింది. స్కాన్‌లో అది చీకట్లో కలిసిపోయి నేనెప్పుడూ గమనించలేదు. బురదలో స్టాండు వేసి నిలబెట్టిన సైకిలు, క్యారియర్‌కి కట్టిన కెమెరా సంచీ. అరవై మూడు దగ్గర తీసి హైపోలో వేశాను.