పొగలేని సిటీ బస్సులు: అపోహలు – వాస్తవాలు

నగర బస్సు రవాణాలో షెడ్యూళ్లు, డిపో నిర్వహణ చూసే ఇంజనీరుగా కొన్నేళ్లుగా నా పనంతా డీజిల్ బస్సుల స్థానంలో విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టడం చుట్టూనే తిరుగుతోంది. ఈ మార్పు అవసరమనీ సాధ్యమనీ నేను గట్టిగా నమ్ముతాను. అయితే దీన్ని సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ కూడా బస్సు గురించే వాదిస్తారు తప్ప, ఆ బస్సు రాత్రిపూట నిలిచే చోటు గురించి ఎవరూ ఆలోచించరు. కింద చెప్పిన అపోహల్లో చాలావరకు అక్కడి నుంచి పుట్టినవే.

అపోహ: కొత్త బస్సులు కొంటే పని పూర్తయినట్టే.

డీజిల్ బస్సుకు డిపో బంకు దగ్గర కొద్ది నిమిషాలు చాలు. విద్యుత్ బస్సుకు గంటలు కావాలి, అదీ దాదాపు అన్ని బస్సులకూ ఒకే సమయంలో కావాలి. వంద బస్సుల డిపోను ఊహించండి. బస్సులన్నీ రాత్రి పదకొండుకు చేరుకుని, ఒక్కొక్కటీ 80 కిలోవాట్ల ఛార్జరుకు ఒకేసారి తగులుకుంటే డిపోపై 8,000 కిలోవాట్ల భారం పడుతుంది. అవే బస్సులకు తలా 220 యూనిట్లు అవసరమనుకుని, ఏ బస్సు ఉదయం ఎన్నింటికి బయలుదేరాలో చూసి ఆరు గంటల మీద ఛార్జింగును సర్దితే, ఛార్జింగులో వృథా అయ్యే విద్యుత్తుతో కలిపి సుమారు 4,000 కిలోవాట్లతో సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం, కేబుళ్ల మందం, గరిష్ఠ భారాన్ని బట్టి విద్యుత్ సంస్థకు నెలనెలా కట్టే డిమాండ్ ఛార్జీ అన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడతాయి. హై టెన్షన్ లైను, సబ్‌స్టేషన్ పనులు బస్సుల తయారీ కంటే ఎక్కువ కాలం పట్టడం అరుదేమీ కాదు. కాబట్టి విద్యుత్ కనెక్షనుకు దరఖాస్తు ముందు వెళ్లాలి, బస్సుల ఆర్డరు తర్వాత వెళ్లాలి.

ఆ తర్వాత స్థలం సంగతి. మేము మొదటి బ్యాచ్ బస్సులను తీసుకున్న కొత్తలో, ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాల్సిన బస్సులో 38 శాతం ఛార్జే ఉంది. ఛార్జరు, బ్యాటరీ రెండూ సవ్యంగానే ఉన్నాయి. రాత్రి బస్సును గీతకు రెండడుగులు ముందుకు నిలపడంతో కేబుల్ బిగువుగా లాగినట్టయి, దాని చివరనుండే ఛార్జింగ్ గన్ బస్సు సాకెట్‌లో పూర్తిగా కూర్చోలేదు. ఛార్జింగ్ మొదలైన కాసేపటికే ఆగిపోయింది. ఆకుపచ్చ దీపం వెలగడం చూసి వెళ్లిపోయిన సిబ్బందికి ఆ తర్వాత అది ఆరిన సంగతి తెలియదు. ఆ రోజు తొలి ట్రిప్పు రద్దయింది. స్టాపులో ఎదురుచూసిన ప్రయాణికుల దృష్టిలో తప్పు విద్యుత్ బస్సుదే. అప్పటి నుంచి ప్రతి బస్సుకూ చక్రాల దగ్గర అడ్డుదిమ్మ పెట్టాం, అర్ధరాత్రి ఒంటిగంటకు ఒక మనిషి ప్రతి ఛార్జరు తెరనూ చూసి సంతకం చేసే ఏర్పాటు చేశాం.

అపోహ: ఒక్క ఛార్జితో రోజంతా తిరగలేవు కనుక ఇవి సిటీ సర్వీసులకు పనికిరావు.

ఈ మాట వినగానే కంపెనీ బ్రోషర్లో రాసిన దూరం చూపించి వాదించడం కూడా సరికాదు. నా లెక్క ఇది. పన్నెండు మీటర్ల బస్సులో 300 యూనిట్ల బ్యాటరీ ఉందనుకుందాం. అత్యవసరానికి కొంత మిగుల్చుకుని 80 శాతమే వాడితే చేతిలో ఉండేవి 240 యూనిట్లు. ఏసీతో, రద్దీలో కిలోమీటరుకు 1.3 యూనిట్లు ఖర్చయితే సుమారు 185 కిలోమీటర్లు వస్తాయి. కొన్నేళ్లకు బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గినప్పుడు అదే బస్సుకు 148 కిలోమీటర్లే వస్తాయి. షెడ్యూలు వేయాల్సింది ఆ చివరి అంకెకు, మొదటి ఏడాది అంకెకు కాదు.

ఇంత తగ్గించి చూసినా చాలా షెడ్యూళ్లు ఇందులో ఇమిడిపోతాయి. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో మాత్రమే నడిచే బస్సులు మధ్యాహ్నం ఎలాగూ డిపోకు వస్తాయి. రోజంతా తిరిగే సుదీర్ఘ షెడ్యూళ్లకు టెర్మినల్ దగ్గర కొద్దిసేపు అధిక శక్తితో ఛార్జ్ చేసే ఏర్పాటుగానీ, దారిలో కొంతమేర పైతీగల నుంచి విద్యుత్తు తీసుకుంటూ బ్యాటరీ నింపుకునే ట్రాలీబస్సుగానీ పనికొస్తాయి. ఈ పైతీగల ఆలోచన కొత్తది కాదు. 1882లోనే జర్మన్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ సీమెన్స్ బెర్లిన్ దగ్గర ఇలాంటి బండిని నడిపి చూపించారు. బ్యాటరీ బస్సుల విషయానికొస్తే, చైనాలోని షెన్‌జెన్ నగరం 16,000కు పైగా ఉన్న తన సిటీ బస్సులన్నింటినీ 2017 చివరికల్లా విద్యుత్ బస్సులుగా మార్చేసింది.

అపోహ: పొగ ఎక్కడికీ పోలేదు, పవర్ ప్లాంటుకు మారిందంతే.

ఇందులో కొంత నిజముంది, దాన్ని దాచకూడదు. లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరుకు మూడు కిలోమీటర్లు ఇచ్చే బస్సైతే కిలోమీటరుకు 0.9 కిలోలు. బొగ్గుపైనే ఎక్కువగా ఆధారపడి యూనిట్‌కు 0.7 కిలోలు వెలువరించే గ్రిడ్ నుంచి 1.3 యూనిట్లు తీసుకున్నా దాదాపు అంతే తేలుతుంది. అయితే పన్నెండేళ్లు నడిచే డీజిల్ బస్సు చివరి రోజు వరకూ అంతే వదులుతుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగినకొద్దీ విద్యుత్ బస్సు లెక్క మాత్రం ఏటా తగ్గుతూ వస్తుంది. పైగా బస్టాపులో నిలబడ్డవారి ముఖాన పడే నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి మొదటి రోజు నుంచే ఉండవు. టైర్ల అరుగుదలతో లేచే ధూళి మిగులుతుంది కాబట్టి "సున్నా ఉద్గారాలు" అన్న మాటను గొట్టం నుంచి వచ్చే పొగకే పరిమితం చేసి వాడటం మంచిది.

అపోహ: కొన్నేళ్లు ఆగితే హైడ్రోజన్ బస్సులు వస్తాయి, ఇప్పుడు బ్యాటరీలపై ఖర్చు దండగ.

నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. ఆ కిలోలో నిలిచే శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ విద్యుత్తుగా మారేసరికి అందులో సగమే మిగులుతుంది. అవే 50 యూనిట్లు నేరుగా బ్యాటరీలోకి వెళితే 40 వరకూ మోటారుకు చేరతాయి. బ్యాటరీతో సాధ్యం కాని దూరాలకు హైడ్రోజన్‌కు చోటు ఉండవచ్చు. కానీ రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే బస్సును ఆ పేరుతో మరో పదేళ్లు డీజిల్‌పై ఉంచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: అంతా కంప్యూటరే చూసుకుంటుంది, పాత సిబ్బందితో పని ఉండదు.

ఇంజన్ ఆయిలు, క్లచ్చు పనులు పోతాయి. బ్రేకులు, సస్పెన్షన్, తలుపులు, ఏసీ మాత్రం ఎక్కడికీ పోవు. 600 వోల్టులు దాటిన బ్యాటరీ దగ్గర పనిచేయడానికి మెకానిక్కులకు ప్రత్యేక శిక్షణ, రక్షణ తొడుగులు తప్పనిసరి. డ్రైవర్ ప్రభావమైతే డీజిల్ బస్సులోకన్నా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. సిగ్నల్‌ను దూరం నుంచే గమనించి యాక్సిలరేటర్ మీద కాలు ముందే తీస్తే మోటారే జనరేటరుగా మారి, బస్సు వేగాన్ని విద్యుత్తుగా బ్యాటరీకి తిరిగి పంపుతుంది. చివరి క్షణంలో గట్టిగా బ్రేకు తొక్కితే అందులో చాలా భాగం వేడిగా పోతుంది. ఒకే బస్సు, ఒకే రూటు, ఇద్దరు డ్రైవర్లు దిగేటప్పుడు మిగిల్చిన ఛార్జిలో తేడా చూసి, మేము ఆ అంకెలను పేర్లు లేకుండా విశ్రాంతి గదిలో అతికించడం మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి ఏ మలుపులో కాలు ఎక్కడ తీయాలో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.