ఆకు చూసి మురిసిపోకండి: అనంతపురం మెట్ట సేద్యంలో అపోహలు – వాస్తవాలు

కల్యాణదుర్గం, రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో పంటల సలహాదారుగా తిరగడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో చెప్పలేని వాన. లోతు లేని ఎర్రనేలలు. ఇలాంటి చోట మన రైతులు పడే కష్టంలో లోటు లేదు. నష్టం ఎక్కువగా వచ్చేది కంటికి కనిపించేదాన్ని నమ్మి, కనిపించని చోట ఏం జరుగుతోందో పట్టించుకోకపోవడం వల్లే. వేరుశనగ మట్టిలో కాస్తుంది, గొర్రెకు ప్రాణం తీసే రోగం పేగుల్లో పుడుతుంది. ప్రతి ఖరీఫ్‌లోనూ నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) వేస్తే వేరుశనగ చేను నల్లగా నిగనిగలాడుతుంది. చేను బాగుంటే కాయ బాగుంటుంది.

వాస్తవం: చేను నల్లబడటం ఆకు సంగతి చెబుతుంది, కాయ సంగతి చెప్పదు. వేరుశనగ పప్పుజాతి పైరు. వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. ఒక మొక్కను పీకి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తోందని అర్థం. అందుకే వర్షాధార వేరుశనగకు ఎకరానికి 8 కిలోల నత్రజని చాలంటారు. దానితో పాటు 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ కావాలి. ఆ భాస్వరాన్ని రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో, అంటే 100 కిలోలు వేస్తే, దాదాపు 11 కిలోల గంధకం, 20 కిలోల కాల్షియం కూడా నేలకు చేరతాయి. డీఏపీలో భాస్వరం 46 శాతం ఉన్నా ఈ రెండూ లేవు. నూనె గింజకు గంధకం, కాయకు కాల్షియం ఎంత అవసరమో తెలిసి కూడా దుకాణంలో చేయి డీఏపీ వైపే వెళుతుంది. నాకు బాధ కలిగించే అలవాటు ఇది.

ఇక కాయకు కాల్షియం అందించే జిప్సం. "అడుగున సూపర్ వేశాం కదా సార్, వేరు కాల్షియం తీసుకుని కాయకు పంపదా?" అని ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. మంచి ప్రశ్న. పంపదు. వేరు పీల్చిన కాల్షియం నీటితో కలిసి ఆకుల వైపే ప్రయాణిస్తుంది, ఎందుకంటే నీరు ఆవిరయ్యేది అక్కడే. మట్టిలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరి కాదు కాబట్టి ఆ దారిన కాల్షియం దానికి అందదు. ఊరుతున్న కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచి దాన్ని తానే నేరుగా పీల్చుకోవాలి. అందుకే పూత దశలో, ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయానికి, నేలలో పదను ఉన్నప్పుడు ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల పక్కన వేసి మట్టిలో కలపాలి. ఎక్కడో చేను మధ్యలో చల్లినా, ఆకుల మీద పడినా ప్రయోజనం లేదు. విత్తిన 45 రోజులు దాటాక మాత్రం కలుపు తీసే గుంటక తోలవద్దు, దిగిన ఊడలు తెగిపోతాయి.

బెళుగుప్ప వైపు ఒక రైతమ్మ నా మాట సగమే నమ్మి, చేనులో సగానికే జిప్సం వేసింది. కళ్లంలో రెండు కుప్పలు విడిగా పోయించి తూర్పారబట్టించింది. జిప్సం వేయని కుప్పలోని గింజ నిండని లొట్టకాయలు గాలికి పక్కకు కొట్టుకుపోతుంటే, ఆమె కాసేపు మాట్లాడకుండా చూసి, మరుసటి ఏడాదికి ఎన్ని బస్తాలు కావాలో లెక్క అడిగింది.

అపోహ: వైరస్ తెగులుకు ఏదో ఒక మందు కొడితే తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు మన జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది రైతులు చేతికందిన మందల్లా కొట్టారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ వైరస్ గట్ల మీద పూసిన వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉండి గాలికి వచ్చి ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు గీకిన గాయాల నుంచి మొక్కలోకి చేరుతుంది. అంటే మన శత్రువు చేనులో కాదు, గట్టు మీద, బాట పక్కన పెరుగుతోంది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. తామర పురుగులను అడ్డుకోవడానికి విత్తనానికి కిలోకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించాలి. చేను చుట్టూ నాలుగు వరసల జొన్న లేదా సజ్జ వేయాలి. గట్టు శుభ్రం ఒక్క రైతు చేస్తే సరిపోదు, పక్క చేను వారితోనూ మాట్లాడాలి.

అపోహ: తొలకరి పచ్చిక తిని బలిసిన గొర్రెపిల్లలే దిష్టి తగిలి చనిపోతాయి.

వాస్తవం: బలిసినవే ముందు పోతాయన్న గమనిక నూటికి నూరుపాళ్లు నిజం. కారణం దిష్టి కాదు, చిటుకు రోగం. దాన్ని కలిగించే బ్యాక్టీరియా మామూలుగానే పేగుల్లో ఉంటుంది. ఎండాకాలమంతా ఆకలితో గడిపిన మంద వానకు మొలిచిన లేత గడ్డిని ఒక్కసారిగా మేసినప్పుడు అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఎక్కువ మేసే పిల్లకే ఎక్కువ విషం. సాయంత్రం దొడ్డిలో గెంతిన పిల్ల తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది.

అందుకే టీకా వానకు ముందే, మే నెలలో వేయించాలి. టీకా పడ్డాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మొదటిసారి వేయించుకునే జీవాలకు రెండు మూడు వారాలకు రెండో మోతాదు తప్పనిసరి. మొదటి మోతాదు వేయించి రెండోది మరచిపోయి, "టీకా వేసినా చచ్చాయి" అని టీకానే నిందించే కాపరులను ఎందరినో చూశాను. టీకా సీసాను ఎండలో సంచిలో మోసుకొస్తే అది నీళ్లతో సమానం, మంచు పెట్టెలో వచ్చిందో లేదో అడిగి తీరండి. అడగడం మీ హక్కు.

అపోహ: వాన లేక గిడసబారిన జొన్నను వృథా చేయకుండా జీవాలకు వదిలేయాలి.

వాస్తవం: వద్దు. బెట్టకు వచ్చిన లేత జొన్నలో సైనైడ్ విషం చేరుతుంది. దీన్నే మన పెద్దలు నాము అన్నారు. మేసిన కొద్దిసేపటికే పశువు పడిపోతుంది. పూతకు వచ్చేవరకు ఆగండి, లేదా కోసి బాగా ఎండబెట్టి వేయండి.

అపోహ: బూజు పట్టిన కాయ మనకు పనికిరాకపోయినా పశువుకు పనికొస్తుంది.

వాస్తవం: ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ ఉడికించినా పోదు. ఆవు తింటే పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. కాయలో తేమ 8–9 శాతానికి దిగేవరకు ఎండబెట్టండి. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలలాడాలి.

అపోహ: ఇంటివాళ్ల కూలి ఖర్చు కాదు, వేరుశనగ కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు మొక్క) ఆదాయం కాదు.

వాస్తవం: రెండూ లెక్కలోకి వస్తాయి. భార్యాభర్తలు కలుపు తీసిన రోజులకు ఊళ్లో నడిచే కూలి కట్టి పుస్తకంలో రాయండి. మంద మేసిన కట్టెకు ధర కట్టి వేరుశనగ ఖాతాలో జమ చేసి, గొర్రెల ఖాతాలో ఖర్చు రాయండి. అప్పుడే ఏది ఏదాన్ని మోస్తోందో తెలుస్తుంది. ఇలా రాశాక ఒక రైతు రెండెకరాల వేరుశనగ తగ్గించి, ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేసుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మే ముందు ఇంకో పని ఉంది. వ్యాపారి మీ కాయను ఒలిచి, గింజ తూకం చూసి ధర చెబుతాడు. అదే పని ముందు రోజు ఇంట్లో మీరే చేయండి. కుప్పలో నాలుగు చోట్ల నుంచి తీసి కలిపిన 200 గ్రాముల కాయలు ఒలిచి గింజలు తూచండి. 140 గ్రాములు వస్తే 70 శాతం గింజ. ఆ అంకె చేతిలో ఉంటే బేరంలో ఎదుటివాడి మాట నమ్మాల్సిన పని ఉండదు. 120 దగ్గరే ఆగిపోతే, ఆ లొట్టకాయలు ఏ చేనులోవో పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడాది జిప్సం ముందు ఆ చేనుకే వెళ్లాలి.