రాసిచ్చేశాక ఇక చేసేదేమీ లేదా?

వృద్ధుల పోషణ కేసుల్లో దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. వచ్చేవాళ్లలో చాలామంది సగం ఆశ వదులుకునే వస్తారు. కారణం ఈ అపోహలే.

"ఆస్తి రాసిచ్చేశాం, ఇక అంతే."

అంతే కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం (2007) 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయించుకోవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. మన దస్తావేజుల్లో "నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అని ఉంటుంది గానీ తిండి, మందుల ఊసే ఉండదు. షరతు ఉన్నట్టు చూపాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఉర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చూడాలంటూ, కొడుకు విడిగా రాసిన హామీపత్రాన్నీ లెక్కలోకి తీసుకుని ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది.

ఇప్పుడు రాయబోయేవాళ్లు డాక్యుమెంట్ రైటర్‌కు చెప్పి ఆ ఒక్క వాక్యం వేయించండి. "మా మీద నమ్మకం లేదా?" అని పిల్లలు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. నన్నడిగితే వీలునామాయే మేలు, బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు.

"కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి."

ఈ చట్టం కింద కేసులు వినేది కోర్టు కాదు, ట్రిబ్యునల్. అది ఉండేది ఆర్డీవో దగ్గర. లాయరును పెట్టుకోకుండానే దరఖాస్తు ఇవ్వొచ్చు. పిల్లలకు నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30. వాయిదాలు పడితే ఆ గడువు గుర్తుచేయండి, మధ్యంతర భృతి కూడా అడగండి. భృతికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఈ రోజుల్లో అది మందులకే చాలదు, పరిమితి పెంచాల్సిందే.

"పెళ్లయిన కూతురికి బాధ్యత లేదు."

ఉంది. మేజరైన మనవలు, మనవరాళ్లకూ ఉంది. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువులను అడగొచ్చు.

"తిట్టినా కొట్టినా ఇంటి గొడవే."

కాదు, కొడితే పోలీసు కేసే. తల్లి గృహహింస చట్టం కింద కూడా ఫిర్యాదు చేయొచ్చు. పెద్దలను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14567కు ఫోన్ చేయండి. వయోవృద్ధుల కోసం పెట్టిన నంబరు అది, డబ్బులు పడవు.

ఆర్డీవో ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆధార్, దస్తావేజు నకలు, మందుల చీటీలు పట్టుకెళ్లండి. ఒరిజినల్ దస్తావేజు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.