అరగంట సినిమా గురించి

అమ్ములూ, చిన్నా,

కొరియా సీరియళ్లు వరసబెట్టి చూసేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. చూడండి, నేనేమీ అనను. ఈ సెలవుల్లో వాళ్లదే ఒక డాక్యుమెంటరీ కూడా చూడండి. యీ సుంగ్-జున్ తీసిన 'ఇన్ ది ఆబ్సెన్స్'. అరగంట కూడా ఉండదు. 2020లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ ఏడాది అందరి నోటా కొరియా సినిమా 'పారసైట్' మాటే, దీని ఊసు మన దగ్గర ఎవరూ ఎత్తలేదు.

ఇది ఒక ఓడ ప్రమాదం గురించి. 2014 ఏప్రిల్ 16న కొరియాలోని ఇంచియాన్ నుంచి జెజు దీవికి వెళ్తున్న సెవోల్ ఓడ మునిగి 304 మంది పోయారు. అందులో 250 మంది ఒకే హైస్కూల్ నుంచి ఎక్స్‌కర్షన్‌కి బయల్దేరిన పిల్లలు. ఓడ మీద అదనంగా గదులు కట్టారు, పరిమితికి మించి సరుకెక్కించారు, దాన్ని సరిగ్గా బిగించి కట్టనూ లేదు. ఒక్కసారి గట్టిగా మలుపు తిరగగానే పక్కకి ఒరిగింది.

ఒరిగాక వెంటనే మునగలేదు. బయటపడడానికి టైముంది. మైకులో మాత్రం "కదలకండి, ఉన్నచోటే ఉండండి" అన్నారు. పిల్లలు మాట విన్నారు. కెప్టెనేమో వాళ్లని లోపలే వదిలేసి రక్షణ పడవెక్కేశాడు.

సినిమాలో ఎవరూ మనకి ఉపన్యాసం ఇవ్వరు. పిల్లల సెల్‌ఫోన్ వీడియోలు, ఆ పొద్దున రికార్డయిన ఫోన్ కాల్స్ వరసగా వస్తాయంతే. అధ్యక్ష భవనం నుంచి కోస్ట్ గార్డ్‌కి ఫోన్. అడిగేది వీడియో కోసం, పైవాళ్లకి చూపించాలట! అవతల ఓడ మునిగిపోతూంటే. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత నీళ్లలో దిగి శవాల్ని పైకి తెచ్చిన డైవర్లు మాట్లాడతారు. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు, తమంతట తాము వచ్చినవాళ్లు.

ఇలా సర్కారుకి ఎదురుగా కెమెరా పెట్టడం అక్కడ కొత్తేం కాదు. 1988 ఒలింపిక్స్ కోసం సియోల్‌లో పేదల ఇళ్లు కూల్చేస్తుంటే కిమ్ డాంగ్-వన్ వాళ్ల మధ్యే ఉండి సినిమా తీశాడు. అందుకు మూల్యమూ చెల్లించాల్సి వస్తుంది లెండి. సెవోల్ మీద వచ్చిన ఇంకో డాక్యుమెంటరీని 2014లో బుసాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో వెయ్యొద్దని ఆ ఊరి మేయర్ అన్నాడు. వాళ్లు వేశారు. ఆ తర్వాత ఫెస్టివల్‌కి సర్కారు డబ్బు తగ్గింది, ఫెస్టివల్ డైరెక్టర్‌కి పదవి పోయింది.

చిన్నా, నువ్వు ఒక్కడివే చూడకు, నాన్నని పక్కన కూచోబెట్టుకో. చూశాక ఇద్దరూ ఫోన్ చెయ్యండి. మీకెక్కడ కోపం వచ్చిందో నాకు వినాలనుంది.

మీ
తాతయ్య