డ్రోను బొమ్మా, విమానమా? ఆ తగువులోంచి పుట్టిన నిబంధనలు

విమానాశ్రయాలు, డ్రోన్ల మాట ఎవరెత్తినా గాట్విక్‌తో మొదలుపెడతారు. 2018 డిసెంబరు 19 రాత్రి లండన్ దగ్గరి ఆ విమానాశ్రయంలో డ్రోన్లు కనిపించాయని రన్‌వే మూసేశారు. తెరవడం, మళ్లీ కనిపించిందనగానే మూయడం, ఇలా 21వ తేదీ దాకా సాగింది. క్రిస్మస్ రద్దీలో సుమారు 1,000 విమానాలు, 1,40,000 మంది ప్రయాణికుల ప్రయాణాలు తలకిందులయ్యాయి. సైన్యాన్ని కూడా రప్పించారు. అనుమానంతో ఒక జంటను పట్టుకుని, సంబంధం లేదని తేలాక వదిలేసి, ఆనక పోలీసులే వాళ్లకు పరిహారం కట్టుకున్నారు. ఎగరేసినవాళ్లు మాత్రం దొరకలేదు.

అయితే నిబంధనలన్నీ గాట్విక్ తర్వాతే వచ్చాయనుకోవడం సరికాదు. అప్పటికే బ్రిటన్‌లో విమానాశ్రయం ప్రహరీకి కిలోమీటరు లోపు డ్రోను ఎగరేయడం నేరం. ఆ చట్టం అంతకు అయిదు నెలల ముందే, 2018 జులై 30న అమల్లోకి వచ్చింది. చట్టం లేక జరిగిన గొడవ కాదది, ఉన్నా ఆగని గొడవ.

పైలట్ లేని విమానం గురించిన ఆలోచన ఇంకా పాతది. పైలట్ లేకుండా ఎగరగల విమానం ఏ దేశం మీదుగా వెళ్లాలన్నా ఆ దేశపు ప్రత్యేక అనుమతి ఉండాలని 1944 నాటి షికాగో ఒప్పందంలోని 8వ అధికరణమే చెప్పింది. సరదాగా ఎగరేసుకునే బొమ్మ విమానాల జోలికి మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా పోలేదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1981లో ఒక చిన్న సలహాపత్రం ఇచ్చి ఊరుకుంది. 400 అడుగులు దాటకండి, విమానాశ్రయానికి మూడు మైళ్ల లోపు ఎగరేసేటట్టయితే అక్కడివాళ్లకు ముందే చెప్పండి అన్నది అందులోని సారం. పాటించకపోతే శిక్షేమీ లేదు. అయినా మూడు దశాబ్దాలు పెద్ద ఇబ్బంది లేకుండా గడిచిపోయాయి. నా లెక్కలో దానికి కారణం ఆ కాగితం కాదు. అప్పట్లో మోడల్ విమానం ఎగరేయడమంటే నెలల తరబడి పని. చేత్తో బిగించుకోవాలి, క్లబ్బు మైదానంలో అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకోవాలి, నాలుగైదుసార్లు కూల్చుకోవాలి. అంత ఓపిక ఉన్నవాడు రన్‌వే దగ్గరికి పోయి ఎగరేయడు.

2013లో డీజేఐ సంస్థ ఫాంటమ్ లాంటి డ్రోన్లు రావడంతో ఆ ఓపిక అవసరం లేకుండా పోయింది. జీపీఎస్ సాయంతో దానంతటదే గాలిలో నిలబడే యంత్రాన్ని పెట్టెలోంచి తీసిన పూటే ఎగరేయొచ్చు. అక్కడే అసలు తగువు మొదలైంది: ఇది బొమ్మా, విమానమా? వర్జీనియా విశ్వవిద్యాలయం మీద 2011లో డ్రోనుతో ప్రచార వీడియో తీసిన వ్యక్తికి ఎఫ్‌ఏఏ 10,000 డాలర్ల జరిమానా వేసింది. 2014 మార్చిలో ఒక న్యాయాధికారి దాన్ని కొట్టేశాడు. ఎగిరేదల్లా విమానమే అంటే కాగితంతో చేసినదీ, తేలిక చెక్కతో చేసిన గ్లైడరూ ఆ లెక్కలోకే వస్తాయన్నాడు. అదే ఏడాది నవంబరులో జాతీయ రవాణా భద్రతా బోర్డు ఆ తీర్పును తిరగరాసి, డ్రోను కూడా చట్టం ముందు విమానమేనని తేల్చింది. జరిమానా చివరికి 1,100 డాలర్లతో రాజీపడింది గానీ, ఆ తేల్చిన మాటకు ఇంకా పెద్ద ఖరీదే ఉంది. దాని సంగతి తర్వాత.

2015 జనవరిలో ఒక డ్రోను శ్వేతసౌధం ఆవరణలో కూలింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో డ్రోన్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. అంతకు మించిన బరువుంటేనే రిజిస్టర్ చేయించాలన్న 250 గ్రాముల హద్దు వచ్చింది అప్పుడే. ఆ అంకె ఎలా వచ్చిందో చూడాల్సిందే. అంత బరువున్నది పైనుంచి నేల మీది మనిషి తలపై పడితే ప్రాణం పోయే అవకాశం ఎంత అని కట్టిన లెక్క అది. విమానాన్ని గుద్దితే ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు. అదే అంకెను తర్వాత మరికొన్ని దేశాలూ ఎత్తుకున్నాయి. తయారీదారులు 249 గ్రాముల డ్రోన్లు చేసి అమ్మారు. 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు మీద నీళ్లు చల్లుతున్న కెనడా విమానం రెక్కకు డ్రోను తగిలి బెజ్జం పడింది. విమానాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ డ్రోను 250 గ్రాముల లోపుదే.

పక్షి తగిలినా అంతే కదా అంటారు కొందరు. కాదు. పక్షి మెత్తన, డ్రోనులో బ్యాటరీ, మోటార్లు, కెమెరా గట్టివి. అమెరికాలోని డేటన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక చిన్న విమానపు రెక్క మీదికి సుమారు కిలో బరువున్న డ్రోనును గంటకు 238 మైళ్ల వేగంతో ప్రయోగించారు. అది అంచును చీల్చుకుని లోపలి ప్రధాన దూలాన్ని దెబ్బతీసింది. ఆ వేగం అసలు జరిగేది కాదని తయారీ సంస్థ గట్టిగా అభ్యంతరం చెప్పింది, ఆ వాదనలోనూ కొంత పస ఉంది.

అసలు ప్రమాదాలు వేరే సంగతి చెబుతాయి. 2017 సెప్టెంబరు 21న న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ దగ్గర సైన్యపు బ్లాక్ హాక్ హెలికాప్టర్‌కు ఒక ఫాంటమ్ తగిలింది. రోటరు రెక్కకు ఒకటిన్నర అంగుళాల సొట్ట పడింది. హెలికాప్టర్‌లో చిక్కుకున్న డ్రోను మోటారు, దాన్ని మోసే కాడ విరిగిన ముక్క ఆధారంగా ఆ డ్రోను కొన్నవాడిని పట్టుకున్నారు. అతను రెండున్నర మైళ్ల దూరంలో, కంటికి కనపడని డ్రోనును తెర మీద చూస్తూ నడిపాడు. దర్యాప్తు అధికారులు అడిగేదాకా గుద్దిన సంగతే అతనికి తెలియదు. దురుద్దేశం లేదు, తెలివితక్కువతనమే. డ్రోను కంటికి ఆనే దూరం దాటకూడదన్న నియమం ఎందుకో ఈ ఒక్క కేసు చాలు.

మరి విమానాశ్రయం చుట్టూ గీత ఎంత దూరాన గీయాలి? దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. ఆ లెక్కన రన్‌వే మొదలుకు రెండు కిలోమీటర్ల దూరంలో అది ఉండేది ఇంచుమించు 120 మీటర్ల ఎత్తున, అంటే 400 అడుగులు. 400 అడుగులు దాటకూడదన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్న డ్రోను కూడా అక్కడ విమానానికి ఎదురుపడుతుందన్నమాట. ప్రహరీ నుంచి కిలోమీటరు అన్న బ్రిటన్ పాత హద్దులోని లొసుగు అదే. 2019 మార్చి 13న దాన్ని మార్చారు. విమానాశ్రయం చుట్టూ రెండు, రెండున్నర నాటికల్ మైళ్ల వలయానికి తోడు, రన్‌వే రెండు కొసల నుంచీ అయిదు కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పున పట్టీలు చేర్చారు.

గీత ఎంత దూరం జరిపినా, దాటినవాడెవడో తెలియకపోతే లాభం లేదు. అందుకే తర్వాతి అడుగు గుర్తింపు మీద పడింది. డ్రోను తన నంబరును, స్థానాన్ని, నడిపేవాడి చోటును గాలిలో ప్రకటిస్తూ ఉండాలన్న రిమోట్ ఐడీ నియమాన్ని అమెరికా 2024 మార్చి నుంచి గట్టిగా అమలు చేస్తోంది. భారత్ 2018లో ఇంకో దారి ఎంచుకుంది. ముందస్తు అనుమతి లేనిదే డ్రోను పైకే లేవకుండా యంత్రానికే తాళం వేయాలన్నారు. రెండూ బుద్ధిగా కొన్నవాళ్లకు పనికొస్తాయి. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో బిగించుకున్నవాడి డ్రోను ఏ నంబరూ ప్రకటించదు.

అలాంటిదాన్ని కూల్చేయొచ్చు కదా? 2014 నాటి తేల్చివేత ఖరీదు ఇక్కడ బయటపడింది. చట్టం ముందు డ్రోను విమానమే అయినప్పుడు, విమానాన్ని ధ్వంసం చేయడం అమెరికాలో సమాఖ్య నేరం. సిగ్నళ్లను జామ్ చేయడమూ అక్కడ నిషిద్ధమే. 2018లో చట్టం మార్చి రక్షణేతర శాఖల్లో అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీకి, న్యాయశాఖకు ఆ అధికారమిచ్చారు, విమానాశ్రయాల యాజమాన్యాలకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికీ కారణముంది. జామర్ వేస్తే దిగుతున్న విమానం ఆధారపడే సంకేతాలూ దెబ్బతినొచ్చు.

2025 సెప్టెంబరు 22న కోపెన్‌హాగన్ విమానాశ్రయం దాదాపు నాలుగు గంటలు, అక్టోబరు మొదట్లో మ్యూనిక్ వరుస రాత్రులు డ్రోన్ల భయంతో ఆగిపోయాయి. ఈసారి అనుమానం సరదారాయుళ్ల మీద కాక విదేశీ శక్తుల మీదికి పోయింది. అక్టోబరు 8న జర్మనీ మంత్రివర్గం డ్రోన్లను కూల్చే అధికారాన్ని పోలీసులకిచ్చే ముసాయిదాకు ఆమోదం తెలిపింది. ప్రయాణికులున్న విమానాల నడుమ ఆ కాల్పులు ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆయుధంతో అన్నది ఇక నిబంధనలు రాసేవాళ్లు తేల్చాలి.